యురేనియం దాటిన మూలకాలను ల్యాబ్‌లో ఎట్లా తయారు చేస్తారు? దేవరకొండ విద్యార్థి ప్రశ్నకు జవాబు

దేవరకొండలో బీఎస్సీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "సాగర్ దగ్గర లంబాపూర్–పెద్దగట్టులో యురేనియం ఉందంటారు. యురేనియం 92వ మూలకం. దానికి ఒక్కో ప్రోటాన్ కలుపుకుంటూ పోతే 93, 94 మొదలుకొని 118 దాకా అన్నీ రావాలి కదా, అంత కష్టం ఎందుకు? క్షణంలో మాయమయ్యే మూలకం తయారైందని ఎట్లా తెలుస్తుంది? మన దేశంలో ఎవరైనా చేస్తున్నారా?"

నేను రేడియోకెమిస్ట్రీలో పనిచేసి రిటైరై, ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. ప్లుటోనియం, అమెరీషియం లాంటి వాటిని శుద్ధి చేయడం, వాటిని పలుచటి పూతగా పరచడం, ఆల్ఫా కణాలు (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దలు) లెక్కించడం నా ఉద్యోగం. కొత్త మూలకం కనిపెట్టిన బృందాలు వేరే దేశాలవి. కానీ ఆ బృందాల్లో కెమిస్టులు చేసే పని ఏమిటో నా చేతులకు తెలుసు కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

ముందు సూటి జవాబు. 93 నుంచి 100 (ఫెర్మియం) దాకా యురేనియానికి న్యూట్రాన్లు పట్టించి తయారు చేయవచ్చు. 100 దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అక్కడి నుంచి యాక్సిలరేటరే (కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రమే) గతి. ఒక బరువైన మూలకాన్ని పలుచటి పొరగా పరిచి, దాని మీదికి తేలికైన ఇంకో మూలకం అయాన్లను వేగంగా కొట్టాలి. ఏదో ఒక జత కలిసి ఒక్కటవుతుందేమోనని వారాలు, నెలలు కనిపెట్టుకుని ఉండాలి. తయారైన అణువులు (ఇక్కడంతా అణువు అంటే పరమాణువు అనే అర్థం) వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అసలు కష్టం ఢీకొట్టడంలో కంటే రెండు చోట్ల ఉంది: టార్గెట్ (ఢీకొట్టడానికి పరిచిన ఆ పొర) దగ్గర, రుజువు దగ్గర.

ఇక నీ మొదటి సందేహం. ఒక్కో ప్రోటాన్ కలిపితే ఎందుకు కాదు? ఒకటి రెండు మెట్ల వరకు నిజంగానే అవుతుంది తమ్మీ. యురేనియం కేంద్రకంలో 92 ధనావేశాలు ఉంటాయి, వచ్చే ప్రోటాన్‌ను అవి తోసేస్తాయి. సైక్లోట్రాన్ అనే యాక్సిలరేటర్‌తో తగినంత శక్తి ఇస్తే ఆ అడ్డు దాటవచ్చు. 1940 చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో సీబోర్గ్ బృందం యురేనియాన్ని డ్యూటెరాన్లతో (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జతలతో) కొట్టింది. నెప్ట్యూనియం-238 (93వ మూలకం, పక్కనున్న సంఖ్య ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) వచ్చింది, అది బీటా కణం (ఎలక్ట్రాన్) విడిచి ప్లుటోనియం-238 అయింది. 94వ మూలకం మొదట దొరికింది అట్లానే. కానీ ఈ లెక్కన 105 కావాలంటే చేతిలో తూచగలిగినంత 104 ఉండాలి. 104 కావాలంటే 103 ఉండాలి. ఐన్‌స్టీనియం (99) దాటాక తూచగలిగినంత పదార్థం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, దాన్ని ఎవరూ తోయరు. యురేనియం-238 ఒక న్యూట్రాన్‌ను పట్టుకుంటే యురేనియం-239 అవుతుంది. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, 23.5 నిమిషాలు. లోపలి న్యూట్రాన్ ఒకటి ప్రోటాన్‌గా మారి, బీటా కణం బయటికి పోయి, నెప్ట్యూనియం-239 మిగులుతుంది. 1940లో మెక్‌మిలన్, ఏబెల్సన్ పట్టుకున్నది దీన్నే. ఇంకో రెండున్నర రోజుల లోపు అర్ధాయువుతో అదీ బీటా విడిచి ప్లుటోనియం-239 అవుతుంది. అంటే ప్రోటాన్ మనం కలపడం లేదు, కేంద్రకమే లోపల తయారు చేసుకుంటోంది. యురేనియం ఖనిజంలో ఇది సహజంగా కూడా అతి స్వల్పంగా జరుగుతూనే ఉంటుంది. ఖనిజంలో ప్లుటోనియం జాడ 1940ల్లోనే దొరికింది. పెద్దగట్టులో తవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. నీళ్ల గురించి అక్కడి జనం పడే భయాన్ని నేను చిన్నచూపు చూడను, కానీ ఇక్కడ దాని జోలికి పోను.

ప్లుటోనియాన్ని రియాక్టర్‌లోనే ఉంచి ఇంకా న్యూట్రాన్లు పట్టిస్తే అమెరీషియం, క్యూరియం, బెర్కీలియం, కాలిఫోర్నియం (95 నుంచి 98) వరుసగా వస్తాయి. చెప్పినంత తేలిక కాదు. ప్లుటోనియం-239కి నెమ్మదైన న్యూట్రాన్ తగిలితే దాదాపు నాలుగింట మూడు వంతుల సార్లు అది పగిలిపోతుంది, మిగిలినదే పైమెట్టుకు పోతుంది. దారిలో ఇట్లా తరుగు పోగా పోగా, కిలోలతో మొదలుపెట్టిన చోట చివరికి మిల్లీగ్రాములు దక్కుతాయి. ఈ పని పెద్ద ఎత్తున చేసేవి ప్రపంచంలో ముఖ్యంగా రెండు: అమెరికాలో ఓక్ రిడ్జ్ రియాక్టర్, రష్యాలో దిమిత్రోవ్‌గ్రాద్ రియాక్టర్.

99, 100 మొదట దొరికింది మాత్రం రియాక్టర్‌లో కాదు. 1952 నవంబర్ 1న పసిఫిక్‌లోని ఎనివెటాక్ దగ్గర అమెరికా పేల్చిన తొలి హైడ్రోజన్ బాంబు శిథిలాల్లో దొరికాయి. ఆ ఒక్క క్షణంలో యురేనియం కేంద్రకాలు కొన్ని 15, 17 న్యూట్రాన్లను ఒకేసారి మింగాయి. పేలుడు మేఘంలోంచి విమానాలు పట్టుకొచ్చిన ఫిల్టర్ కాగితాల్లో మొదటి జాడ చూశారు. సైనిక రహస్యం కాబట్టి 1955 దాకా బయటికి చెప్పలేదు. ఒక ద్వీపం సముద్రంలోంచే మాయమైపోయిన పేలుడు అది. ఆ మూలకాల గురించి చదివేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి చదవడం నాకు చేతకాదు.

100 దగ్గర గోడ ఎందుకు? ఫెర్మియం-257 అర్ధాయువు సుమారు 100 రోజులు. దానికి ఇంకొక్క న్యూట్రాన్ చేరితే ఫెర్మియం-258 అవుతుంది. అది 0.37 మిల్లీసెకన్లలో తనంతట తానే రెండుగా పగిలిపోతుంది. బీటా విడిచి 101 కావడానికి దానికి వ్యవధి ఉండదు. రియాక్టర్ దారికి అదే హద్దు.

ఆ హద్దును మొదట దాటిన మెండెలీవియం (101) కథ రేడియోకెమిస్ట్రీ చదివేవాళ్లందరికీ తెలియాలి. 1955లో బర్క్‌లీలో ఘియోర్సో, హార్వే, చాపిన్, థామ్సన్, సీబోర్గ్ దగ్గర ఉన్న ఐన్‌స్టీనియం వంద కోట్ల అణువులు. కంటికి కనబడదు, తూకానికి అందదు. దాన్ని బంగారు రేకు మీద పరిచి ఆల్ఫా కణాలతో కొట్టారు. కొత్త అణువు పుట్టిన ఊపుకు రేకు నుంచి ఎగిరి పక్కనున్న ఇంకో పలుచటి బంగారు రేకులో ఇరుక్కుంటుంది. ఆ రెండో రేకును కరిగించి, అయాన్ ఎక్స్చేంజ్ కాలమ్‌లో (మూలకాలను విడదీసే రెసిన్ గొట్టంలో) పోసి, చుక్క చుక్కగా దించారు. ఆక్టినైడ్లు (యురేనియం, ప్లుటోనియం ఉండే వరుస మూలకాలు) కాలమ్ లోంచి బరువైనది ముందు, తేలికది వెనక దిగుతాయి. ఫెర్మియం కంటే ముందు దిగిన చుక్కల్లో విచ్ఛిత్తి (కేంద్రకం రెండుగా పగలడం) సంకేతాలు వచ్చాయి. ప్రయోగాలన్నీ కలిపి 17 అణువులు. అంత కొంచెం పదార్థంతో రసాయనికంగా గుర్తించిన పని అది. ఆవర్తన పట్టికలో దాని స్థానం ఏమిటో కాలమ్ చెప్పింది, ఊహ కాదు.

అక్కడి నుంచి పైకి పోవాలంటే ఆల్ఫా కణం చాలదు. ఇంకా బరువైన అయాన్లు కావాలి. బోరాన్, కార్బన్, నియాన్ దాకా వాడి 103, 104, 105 చేశారు. ఆ తర్వాత రెండు దారులు చీలాయి.

మొదటిది సీసం, బిస్మత్ టార్గెట్ల దారి. రష్యాలోని దూబ్నా ల్యాబ్‌లో ఒగనెస్యాన్ 1974లో చూపించారు, జర్మనీలోని డార్మ్‌స్టాట్ ల్యాబ్ 1981 నుంచి 1996 వరకు 107 మొదలు 112 దాకా ఆ దారినే పోయింది. సీసం, బిస్మత్ బజారులో దొరికే లోహాలు, కేంద్రకాలు గట్టివి. కలిసిన కేంద్రకానికి వేడి తక్కువ. దీన్ని కోల్డ్ ఫ్యూజన్ అంటారు. 1989లో గాజు పాత్రలో శక్తి పుట్టించామన్న ప్రకటనకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, నెట్‌లో వెతికేటప్పుడు కలిపేసుకోకు.

రెండోది కాల్షియం-48 దారి. సహజ కాల్షియంలో ఈ ఐసోటోప్ (అదే మూలకంలో న్యూట్రాన్ల లెక్క వేరైన రకం) 0.187 శాతమే. 20 ప్రోటాన్లకు 28 న్యూట్రాన్లు, అంటే న్యూట్రాన్లు దండిగా ఉన్న కేంద్రకం. బరువైన మూలకం బతకాలంటే న్యూట్రాన్లు ఎక్కువ కావాలి, అందుకే ఇది. వేరు చేసిన కాల్షియం-48 గ్రాము ధర లక్ష డాలర్లు దాటుతుంది. దాన్ని కాంతి వేగంలో పదో వంతు వేగంతో, సుమారు 240 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, ప్లుటోనియం, అమెరీషియం, క్యూరియం, బెర్కీలియం, కాలిఫోర్నియం మీదికి పంపుతారు. 114 నుంచి 118 దాకా దూబ్నాలో ఇట్లానే వచ్చాయి. శక్తి తక్కువైతే రెండు కేంద్రకాలు దగ్గరికే రావు, ఎక్కువైతే కలిసింది వెంటనే పగిలిపోతుంది. సరిగ్గా కలిసినా అది విపరీతమైన వేడి మీద ఉంటుంది. మరిగే ఎసరులోంచి ఆవిరి లేచినట్టు మూడో నాలుగో న్యూట్రాన్లను విడిచి చల్లబడాలి. కలిసినట్టే కనబడి విడిపోయేవి చాలా చాలా ఎక్కువ. 118వ మూలకం ఒక్క అణువు కోసం లక్ష కోట్ల కోట్ల అయాన్లను, అంటే ఒకటి పక్కన 19 సున్నాల సంఖ్యలో, పంపాల్సి వచ్చింది.

ఇప్పుడు టార్గెట్ గురించి. పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. నాకు అది న్యాయంగా అనిపించదు.

ఆక్టినైడ్ నైట్రేట్ ద్రావణం కొన్ని మైక్రోలీటర్లు తీసుకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలుపుతాం. కింద లోహపు రేకు, పైన ప్లాటినం తీగ, మధ్యలో కొన్ని వందల వోల్టులు. ఆక్టినైడ్ మెల్లగా రేకు మీదికి దిగుతుంది. ఇదంతా గ్లవ్ బాక్స్‌లో, మందపాటి రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి. రేకు అంచు పట్టుకోవడానికి ఫోర్సెప్స్ వాడాలి, గట్టిగా నొక్కితే మడత పడుతుంది, వదులుగా పట్టుకుంటే జారుతుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద ఆరబెట్టాక చూస్తే పూత సరిగ్గా పడిందా లేదా తెలుస్తుంది. సరిగ్గా పడితే రేకు మీద ఇంద్రధనుస్సు రంగుల పలుచటి పొర సమంగా ఉంటుంది. ఎక్కడైనా పొడిలా, మచ్చలా కనబడితే అది ఊడిపోతుంది, మళ్లీ చేయాలి. ఆ తర్వాత ఆల్ఫా స్పెక్ట్రమ్ తీస్తే ఇంకా నిజాయితీగా చెబుతుంది. పూత పలుచగా ఉంటే అమెరీషియం-241 శిఖరం 5.486 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నిటారుగా నిలబడుతుంది. మందంగా ఉంటే ఆ శిఖరానికి తక్కువ శక్తి వైపు తోక సాగుతుంది. ఆ తోక చూసి ఎవరి పూత మంచిదో చెప్పేయవచ్చు.

బరువైన మూలకాల టార్గెట్‌కు ఈ పలుచదనం ప్రాణం. పూత మందమైతే అయాన్ శక్తి లోపలే కొంత తరిగిపోతుంది, పుట్టిన అణువు బయటికి రాలేదు. మరీ పలుచనైతే ఢీకొనే అవకాశమే తగ్గుతుంది. పైగా అయాన్ పుంజం ఒకే చోట పడితే రేకు కరిగిపోతుంది, కాబట్టి రేకులను చక్రానికి బిగించి తిప్పుతూ ఉంటారు.

117వ మూలకం టెన్నెస్సీన్ విషయం చూడు. బెర్కీలియం-249 కావాలి, దాని అర్ధాయువు సుమారు 330 రోజులు. ఓక్ రిడ్జ్‌లో 250 రోజులు రియాక్టర్‌లో ఉంచి, 90 రోజులు శుద్ధి చేస్తే 2009లో 22 మిల్లీగ్రాములు వచ్చింది. గడియారం అప్పటికే నడుస్తోంది, రోజూ కొంత కాలిఫోర్నియంగా మారిపోతోంది. కాగితాలు సరిగా లేవని కస్టమ్స్ వాళ్లు వెనక్కి పంపడంతో ఆ పొట్లం అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటింది. దిమిత్రోవ్‌గ్రాద్‌లో దాన్ని టైటానియం రేకు మీద 300 నానోమీటర్ల పూతగా పరిచారు. దూబ్నాలో 150 రోజులు కాల్షియం-48తో కొట్టారు. వచ్చినవి ఆరు అణువులు. 2010లో ప్రకటించారు. ఆ శుద్ధి చేసినవాళ్లు, ఆ పూత పరిచినవాళ్లు లేకపోతే పట్టికలో ఏడో వరుస పూర్తయ్యేది కాదు.

క్షణంలో పోయేదాన్ని ఎట్లా పట్టుకుంటారు? నీ ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే మంచిది.

అణువును చూడరు, అది చచ్చిపోయే క్రమాన్ని చూస్తారు. ఢీకొన్నాక పుట్టిన అణువు టార్గెట్ నుంచి ముందుకు ఎగురుతుంది. దానితోపాటు కోట్ల కొద్దీ కలవని అయాన్లూ వస్తాయి. అయస్కాంతాలతో చేసిన సెపరేటర్ ఆ చెత్తనంతా పక్కకు తప్పించి, కావాల్సిన బరువున్న దాన్ని సిలికాన్ డిటెక్టర్‌లోకి పంపుతుంది. అది డిటెక్టర్‌లో ఏ గడిలో దిగబడిందో, ఎప్పుడు దిగబడిందో నమోదవుతుంది. ఇక అదే గడిలో ఏం జరుగుతుందో చూడాలి. ఒగనెస్సాన్-294 (118వ మూలకం) సుమారు ఒక మిల్లీసెకను లోపు ఆల్ఫా విడిచి లివర్మోరియం-290 (116) అవుతుంది. అది మరికొన్ని మిల్లీసెకన్లలో ఇంకో ఆల్ఫా విడిచి ఫ్లెరోవియం-286 (114) అవుతుంది. అది సెకనులో పదో వంతు ఉండి, ఇంకో ఆల్ఫా విడుస్తుంది, లేదా రెండుగా పగులుతుంది. ఒకే గడిలో, ఈ శక్తులతో, ఈ వ్యవధులతో, ఈ వరుసలో సంకేతాలు యాదృచ్ఛికంగా పడే అవకాశం ఎంత అని లెక్క కడతారు. అది అతి తక్కువైతేనే నోరు తెరుస్తారు.

నిహోనియం (113) దగ్గర జపాన్ వాళ్ల ఓపిక చూడాలి. రికెన్‌లో మొరీటా బృందం జింక్-70తో బిస్మత్‌ను కొట్టింది. 2004 జులైలో ఒక అణువు, 2005 ఏప్రిల్‌లో ఒకటి. రెండూ ఆల్ఫాలు విడుస్తూ దిగి డుబ్నియం-262 (105) దగ్గర పగిలిపోయాయి. గొలుసు ఇంకా కిందికి, బాగా తెలిసిన కేంద్రకాల దాకా దిగితే బాగుండు. దాని కోసం 2012 ఆగస్టు దాకా ఆగారు. మూడో అణువు ఆరు ఆల్ఫాలు విడిచి మెండెలీవియం-254 దాకా దిగింది. ఏళ్ల తరబడి పనికి మూడు అణువులు. నాకు ఆ మూడోది ఆవిష్కరణ కంటే పెద్దది.

తొందరపడ్డ చోట ఏమైందో కూడా చరిత్రలో ఉంది. 1934లో ఫెర్మీ బృందం యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి 93, 94 వచ్చాయనుకుంది. యురేనియం ముక్కలై ఉండవచ్చు కదా, తేలిక మూలకాలన్నిటితో పోల్చి చూశారా అని ఇడా నోడాక్ అప్పుడే అడిగారు. ఎవరూ పట్టించుకోలేదు. 1938 డిసెంబర్‌లో హాన్, స్ట్రాస్‌మన్ రసాయనికంగా వేరు చేస్తే అందులో ఉన్నది బేరియం. లీజ మైట్నర్, ఫ్రిష్ దాన్ని కేంద్రక విచ్ఛిత్తిగా వివరించారు. ఇక 1999లో బర్క్‌లీలో క్రిప్టాన్, సీసం కలిపి 118 చేశామని ప్రకటించారు. వేరే ల్యాబ్‌లు అదే ప్రయోగం చేస్తే ఏమీ రాలేదు. పాత డేటా మళ్లీ తిరగేస్తే ఆ గొలుసులు అందులో లేవు. 2002లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. 118 నిజంగా వచ్చింది దూబ్నాలో, కాలిఫోర్నియం-249 మీద కాల్షియం-48తో. 113, 115, 117, 118కి 2016లో పేర్లు ఖరారయ్యాయి.

119 ఎందుకు రాలేదంటే, కాల్షియంతో 119 చేయాలంటే ఐన్‌స్టీనియం టార్గెట్ కావాలి. అది మైక్రోగ్రాముల్లో తప్ప లేదు. కాబట్టి కాల్షియం వదిలి టైటానియం-50, వెనేడియం-51, క్రోమియం-54 వైపు వెళ్తున్నారు. 2024లో బర్క్‌లీ వాళ్లు టైటానియం-50తో ప్లుటోనియం-244ను 22 రోజులు కొట్టి లివర్మోరియం అణువులు రెండు చూశారు. దారి పనిచేస్తుందని దానితో తేలింది, ఇక వాళ్ల చూపు 120 మీద.

మన దేశం సంగతి. కొత్త మూలకం ఇక్కడ ఎవరూ చేయలేదు. ప్లుటోనియం మాత్రం 1960ల నుంచి ట్రాంబేలో వేరు చేస్తున్నారు, కల్పాక్కంలో ఫాస్ట్ రియాక్టర్ ఇంధనంగా వాడుతున్నారు. బరువైన కేంద్రకాలు ఎట్లా కలుస్తాయి, కలిసినట్టే ఉండి ఎందుకు విడిపోతాయి అన్న దాని మీద ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో, ముంబైలోని పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్‌లో మంచి పని జరుగుతోంది. ఢిల్లీలో హైరా అనే గ్యాస్ నింపిన సెపరేటర్ కూడా ఉంది. మనకు లేనివి క్యూరియం, బెర్కీలియం, కాలిఫోర్నియం మిల్లీగ్రాములు, వాటి మీద నెలల తరబడి ఆగకుండా పడే పుంజం. ఢిల్లీ సెంటర్ యూనివర్సిటీ విద్యార్థుల కోసమే పెట్టింది. మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేసిన వాళ్లకూ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఇవన్నీ ఎందుకు పనికొస్తాయి అని ఇంట్లో అడిగితే, హైదరాబాద్‌లో బోన్ స్కాన్‌కు పోయిన మన ఊరివాళ్లను చూపించు. ఆ ఇంజెక్షన్‌లో ఉండే టెక్నీషియం-99ఎం మనిషి చేసిన మూలకమే. దాని అర్ధాయువు 6 గంటలు. బరువైనది కాదు, 43వ మూలకం, కానీ ల్యాబ్‌లో మొదట గుర్తించిన కృత్రిమ మూలకం అదే, 1937లో. పాత రకం పొగ అలారాల్లో అమెరీషియం-241 ఉంటుంది. వాటిని విప్పి ఆడుకోవద్దు. ఆల్ఫా బయట ఉంటే చర్మం ఆపుతుంది, లోపలికి పోతే ఎముకలో కూర్చుంటుంది. యురేనియం రాయి తెచ్చి ఇంట్లో ప్రయోగాలు కూడా వద్దు, అది నేరం కూడా.

చేయగలిగింది ఒకటి చెబుతాను. మీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో జీఎం కౌంటర్ (గైగర్–ముల్లర్, రేడియేషన్ లెక్కించే పరికరం) ఉంటే లెక్చరర్‌ను అడుగు. ముందు ఏమీ పెట్టకుండా పది నిమిషాల లెక్క తీయి. మన దిక్కు నేలంతా గ్రానైటు, ఆ రాతిలోని యురేనియం, థోరియం, పొటాషియం వల్ల ఖాళీ కౌంటర్ కూడా ఊరుకోదు. తర్వాత పొలానికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ గుప్పెడు గిన్నెలో పోసి కౌంటర్ కిటికీకి దగ్గరగా పెట్టి మళ్లీ పది నిమిషాలు తీయి. పొటాషియంలో 0.0117 శాతం ఉండే పొటాషియం-40 బీటాలు అందులో పడతాయి. వచ్చిన లెక్కకు వర్గమూలం ఎంతో అంత అటూ ఇటూ ఊగుతుంది: 100 వస్తే 10, 10,000 వస్తే 100. ఖాళీ లెక్కకూ పొటాష్ లెక్కకూ ఉన్న తేడా ఆ ఊగిసలాట కంటే ఎన్ని రెట్లు ఉంటే అందులో నిజంగా ఏదో ఉందని నువ్వు ఒప్పుకుంటావో, అది ముందే కాగితం మీద రాసిపెట్టి తర్వాత కౌంటర్ ఆన్ చేయి. రెండు లెక్కలూ, నువ్వు ముందు రాసుకున్న గీటూ ఇక్కడ పెట్టు, నేను చూసి చెబుతాను.